బేసి డిస్కులు, సరి డిస్కులు

కిందటి వారం భూదవ్వను ఎల్లారెడ్డి బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి ఆగాం. ఆమె ఒళ్లో గుడ్డసంచి ఉంది, సంచిలో ఆరు డిస్కులున్నాయి. కథను ఇక్కడి నుంచి అందుకుంటున్నవారికి నాలుగు ముక్కల్లో వెనకటి సంగతి చెబుతాను.

భూదవ్వ భర్త గంగారాం, ఎల్లారెడ్డి అవతలి తండాకు చెందిన రూప్‌సింగ్ పదకొండేళ్లు మస్కట్‌లో ఒకే క్యాంపులో బతికారు. గంగారాం వంటమనిషి, రూప్‌సింగ్ సెంట్రింగు మేస్త్రి. వాళ్ల ముసలి ఇంజనీరు సారుకు పాతకాలపు అమెరికా కౌబాయి సీరియళ్లంటే ప్రాణం. శుక్రవారం వస్తే ఆయన గదిలో నేలమీద కూర్చుని, గుర్రాలూ తుపాకులూ దుమ్మూ తప్ప మరేమీ లేని ఒక సీరియల్ మొదటి భాగం మొత్తం చూశారిద్దరూ. 2009లో ఇంటికి బయల్దేరిన రోజున సారు రెండో భాగం పెట్టెను, ఇంకా సీలు తీయనిదాన్ని, ఇద్దరికీ కలిపి బహుమతిగా ఇచ్చాడు. అందులో పన్నెండు డిస్కులున్నాయి.

విమానం దిగేసరికి ఇద్దరికీ మాటల్లేవు. రూప్‌సింగ్ వీసా పొడిగించొద్దని సారుకు చెప్పింది గంగారామేనని దారిలో ఎవరో చెవిన వేశారు. "నిజమేనా?" అని రూప్‌సింగ్ అడిగాడు. గంగారాం కాదనలేదు. ఎందుకని అడిగితే నోరు విప్పలేదు. అంతే, ఎయిర్‌పోర్టు బయట ట్రాలీ మీదే పెట్టె విప్పి, మేకను కోసి పాళ్లు వేసినట్టు నీకొకటి, నాకొకటి అని పంచుకున్నారు. ఒకటి, మూడు, ఐదు అలా బేసివన్నీ గంగారాంకు పోయాయి. రెండు, నాలుగు, ఆరు అలా సరివన్నీ రూప్‌సింగ్‌కు వచ్చాయి. మూడేళ్లుగా కామారెడ్డిలో ఒకాయన, తండాలో ఒకాయన సగం సగం కథ చూస్తున్నారు.

ఇప్పుడు గంగారాం స్కూటరు మీంచి పడి, కాలికి పిండికట్టుతో మంచం మీదున్నాడు. మంచం ఎదురుగా టీవీ. అవే ఆరు డిస్కులు పొద్దుట్నించి సాయంత్రం దాకా తిరుగుతున్నాయి. పంతొమ్మిదో రోజున భూదవ్వ, మొగుణ్ని పక్కింటి మరియకు అప్పజెప్పి, అమ్మగారింటికి రామారెడ్డి పోతున్నానని చెప్పి, ఆ ఆరు డిస్కులూ సంచిలో వేసుకుని, ఎల్లారెడ్డి బస్సెక్కింది.

*

తండాలోకి బస్సు రాదు. రోడ్డు మీద దిగి అర కిలోమీటరు నడిచింది. అడగాల్సిన పని లేకుండానే ఇల్లు దొరికింది. ఆ తండా మొత్తంలో అంత వెడల్పాటి టోపీ పెట్టుకుని మంచం మీద కూర్చునే మనిషి ఇంకెవరుంటారు?

రూప్‌సింగ్ ఒళ్లో తువ్వాల పరుచుకుని డిస్కులు తుడుస్తున్నాడు. ఒక్కోదాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, ఊది, మళ్లీ తుడుస్తున్నాడు.

"రూప్‌సింగ్ అన్న ఈయనేనా?" అంది భూదవ్వ తనలో తాననుకున్నట్టు. తర్వాత గొంతు పెంచింది. "అన్న, నేను కామారెడ్డి నుంచి వచ్చిన. గంగారాం భార్యను, భూదవ్వను."

రూప్‌సింగ్ 'రా, కూచో' అనలేదు. డిస్కులన్నీ గబగబా ఒకచోట చేర్చి తొడ కింద పెట్టుకున్నాడు.

"వాడు పంపిండా?"

"ఆయనకు తెల్వది. తెలిస్తే ఒక్క కాలుతోనన్న కుంటుకుంట వచ్చి నన్ను ఆపుతుండె."

"ఒక్క కాలేంది?"

భూదవ్వ స్కూటరు సంగతి చెప్పింది. రూప్‌సింగ్ ముఖంలో ఏదో కదిలింది. వెంటనే దాన్ని మీసం కిందికి అణచేశాడు.

"అన్న, నీ కాడున్న ఆరు డిస్కులు నాకియ్యి. ఆయన లేచి నడిచేదాకనే. బదులు మావి ఆరు నీ కాడ పెట్టుకో," అంటూ సంచి కొంచెం తెరిచి చూపించింది.

రూప్‌సింగ్ చూపు సంచిలోకి పోయింది. మూడేళ్లుగా కలలోకి వస్తున్న ఐదో నంబరు డిస్కు అంచు బయటికి కనిపిస్తోంది. చెయ్యి చాచబోయి, పగ గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"నా ప్రాణమడుగు, ఇస్త చెల్లె. డిస్కులడుగకు. నా వీసా కోయించినోని చేతిల నా డిస్కులు పెట్టుడన్నది కానే కాదు."

"మూడు వారాల సంది నా ఇంట్ల తుపాకులు పేలుతున్నయ్ అన్న! పప్పు ఉడుకుతుంటె గుర్రం సకిలిస్తది, బట్టలు పిండుతుంటె ఎవడో సస్తడు. మొన్న పాలాయన బయట నిలబడి, లోపల కొట్లాట అవుతున్నదేమోనని పోలీసోళ్లకు ఫోను చేయబోయిండు!"

లోపల్నుంచి పకపకా నవ్వు వినిపించింది. చాటనిండా మక్క కంకులతో బయటికొచ్చింది తుల్సి, రూప్‌సింగ్ భార్య.

"మా ఇంట్ల గూడ గంతే వదినె. రా, కూచో. ఈయన కూచోమనడు. ఈయనకు గుర్రాలోళ్ల మర్యాద తప్ప మన మర్యాద తెల్వది."

భూదవ్వ కూర్చుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడడం అదే మొదలు. మొగుళ్లు పదకొండేళ్లు ఒకే గిన్నెలో తిన్నా, పెళ్లాలకు పేర్లు తప్ప ఏమీ తెలియవు. తుల్సి చాట మధ్యలో పెట్టింది. భూదవ్వ ఎవరూ చెప్పకుండానే ఒక కంకి అందుకుని గింజలు ఒలవడం మొదలుపెట్టింది.

"పోనీ ఒక్క రెండో నంబరన్న పెట్టి చూపియ్యి అన్న," అంది కాసేపాగి. "నేను చూసి పోయి ఆయనకు నోటితోని చెప్త. గట్లయితే నీ డిస్కు నీకాడనే ఉంటది కద."

రూప్‌సింగ్ దీనికి ఒప్పుకునేవాడేనేమో. కానీ ఆ సంవత్సరం కరెంటు సంగతి మీకు తెలిసిందే.

"కరెంటు పన్నెండింటికి గని రాదు," అంది తుల్సి. "చూసుడెందుకు వదినె? నన్నడుగు. నాకు గింజకు గింజ తెలుసు."

*

చెబితే నమ్మరు గానీ, ఇద్దరికీ ఇంగ్లీషు ముక్క రాదు. మొగుళ్లు చెప్పిన అర్థాలు కొన్ని, కళ్లతో చూసి అల్లుకున్నవి కొన్ని. వాటితోనే ఎవరి కథ వారు పూర్తిగా కట్టుకున్నారు.

"ముందుగాల గీ సంగతి చెప్పు," అంది భూదవ్వ. "నల్లటోపోడున్నడు చూడు. వాడు హోటలామెకు తమ్ముడే కద?"

"తమ్ముడా? వాడు పట్వారి వదినె! ఎప్పుడు చూడు, చేతిల కాయితాలు. ఎవల భూమి కాడికన్న పోతడు, గుర్రం దిగడు, అటు చూస్తడు, ఇటు చూస్తడు. పట్వారి గాక ఇంకెవడు?"

"మరి దినాం ఆమె హోటల్ల కూసోని తింటడు కద. ఆమె తిట్టుకుంటనే వడ్డిస్తది. తమ్మునికి గాక ఎవలకు గట్ల వడ్డిస్తరు?"

"ఆమె మొగుడు," అన్నాడు రూప్‌సింగ్.

ఇద్దరూ తిరిగి చూశారు. రూప్‌సింగ్ టోపీ సర్దుకుని, అటేదో గేదెను చూస్తున్నట్టు ముఖం పెట్టాడు.

"మొగుడా!"

"నాలుగో డిస్కుల ఆమెనే చెప్పింది. 'హస్బెండ్' అన్నది. సచ్చిపోయిండనుకున్న మొగుడు తిరిగొచ్చిండు."

భూదవ్వ చేతిలో కంకి ఆగిపోయింది. "ఆగు, ఆగు. మూడుల ఆమె గడ్డపాయన కోటుకు గుండీ కుట్టింది. ఆయన సిగ్గుపడ్డడు, ఆమె సిగ్గుపడ్డది. ఆ గుండీ కుట్టుడు ఎంతసేపు చూపించిండ్రో తెలుసా? నాకు పొయ్యి మీద చారు పొంగిపోయింది. మొగుడుంటె ఎందుకు కుడ్తది?"

"మొగుడున్నడని ఆమెకు నాలుగుల తెలిసింది కద!" అంది తుల్సి.

"హమ్మా! అందుకేనా ఐదుల గడ్డపాయన ఆ గుండీని పట్టున తెంపి ఏట్ల ఇసిరేసిండు!"

"తెంపిండా?" రూప్‌సింగ్ తొడ మీద చరిచి లేచి నిలబడ్డాడు. తొడ కింది డిస్కులు మంచం మీద చెల్లాచెదురయ్యాయి. "ఆరుల కోటుకు గుండీ లేదు! మూడేండ్ల సంది చూస్తున్న. సీరియల్ తీసేటోళ్లు చూస్కోలేదనుకున్న. తెంపి పారేసిండా వాడు!"

ఆ తర్వాత రూప్‌సింగ్ గేదెను చూడడం మానేశాడు. మంచాన్ని జానెడు జరిపాడు. ఐదో డిస్కులో గడ్డపాయనకు కాలికి తూటా తగిలిందని భూదవ్వ చెప్పినప్పుడు ఇంకో జానెడు జరిపాడు. ఆరులో అతను కర్ర పట్టుకుని నడవడం చూసి, ముసలితనం, వాతం అనుకుంటున్నామని తుల్సి ఒప్పుకుంది. తెల్ల గుర్రం రాత్రికి రాత్రి ఎర్ర గుర్రం ఎందుకైందో తుల్సికి తెలిసింది. జడ్జి చేతికి కట్టెందుకుందో భూదవ్వకు తెలిసింది. కాసేపటికి మంచం కోడు తగిలి మక్కల చాట ఒకవైపు ఒరిగింది.

"నువ్వు గూడ ఒలువరాదు," అంది తుల్సి మొగుడి చేతిలో ఒక కంకి పెట్టి.

రూప్‌సింగ్ కంకి తీసుకుని ఒలవకుండా ఊపుతూ మాట్లాడాడు. "అసలు సంగతి మనుషులది కాదు చెల్లె. ఆ పశువుల మందను తోలుడు చూసినవా? నది దాటేటప్పుడు ముందు ఒక్కదాన్ని దింపుతరు, మిగిలినయ్ దాని వెంట పడుతయ్. మా తాతలు గట్లనే దింపుతుండె. ఎడ్ల మీద ఉప్పు, గోధుమలు వేస్కోని ఊర్లకూర్లు దాటిన్రు మా లంబాడోళ్లు. వాళ్లకూ మాకూ తేడా ఏం లేదు, ఒక్క తుపాకి తప్ప."

"నీ గొప్పలు తర్వాత చెప్పుకో," అంది తుల్సి. అయినా ఆ మాటంటున్నప్పుడు ఆమె మొగుడి వైపు చూసిన చూపు వేరేలా ఉంది.

భూదవ్వకు ఇంకో సందేహం మిగిలింది. పెద్దదేం కాదని తనే అంది.

"ఆ ముసలి వంటాయన ఉంటడు కద వదినె, ఇనుప గిన్నెల రొట్టె కాలుస్తడు, అందర్ని తిట్టుకుంట పెడ్తడు. ఒకట్ల ఉన్నడు, మూడుల ఉన్నడు, ఐదుల ఉన్నడు. ఏడునుంచి మల్ల కానరాడు. ఎటు పోయిండు? సెలవు మీద ఇంటికి పోయిండా?"

తుల్సి మొగుడి వైపు చూసింది. రూప్‌సింగ్ కంకి వైపు చూశాడు.

"ఏంది? సెలవు కాదా?"

"ఆరుల పోయిండు వదినె," అంది తుల్సి. "పొద్దుగాల పొయ్యి ముందల కూసోని కలుపుతున్నడు. కలుపుకుంటనే పక్కకు ఒరిగిండు. గరిటె గిన్నెలనే ఉన్నది."

భూదవ్వ చేతిలోని కంకి చాటలో పెట్టేసింది. ఇంగ్లీషు రాని ఆమెకు ఆ సీరియల్లో సొంతమనిషిలా అనిపించినవాడు అతనొక్కడే. గంగారాం కూడా అలాగే తిడుతూ పెట్టేవాడని క్యాంపు వాళ్లు చెప్పగా విన్నది. మూడేళ్లుగా ఆ ముసలాయన ఇంట్లో పెళ్లాం పిల్లల మధ్య ఉన్నాడనే అనుకుంది.

"నేనేమో సెలవు అయిపోతె వస్తడని ఎదురు చూస్తున్న," అని చీరకొంగుతో ముక్కు తుడుచుకుంది. తన ఏడుపు చూసి తనకే నవ్వొచ్చింది. "చూడు, ఎవల ముసలోని కోసమో ఏడుస్తున్న."

"నేను ఆరో నంబరు పెట్టినప్పుడల్ల బయటికి పోత," అంది తుల్సి.

"అవ్," అన్నాడు రూప్‌సింగ్. "గేదెకు గడ్డేస్తనని పోతది."

"గేదెకు కాదు."

తుల్సి ఒళ్లోని గింజలు చాటలోకి దులిపి, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుంది. ఎన్నాళ్లుగానో లోపల తిప్పుతున్న మాట బయటికి తెచ్చేటప్పుడు మనిషి కూర్చునే తీరు అది.

"నువ్వు మస్కట్ నుంచి తిరిగొచ్చిన సంవత్సరం యాదికున్నదా? మన తండ హరిచంద్ దుబాయి నుంచి శవమై డబ్బల వచ్చిండు. మనిషి పోయిన సంగతి డబ్బ కంటె రెండు దినాల ముందు తెలిసింది, గంతే. ఆ డబ్బ తండలకు వచ్చిన దినం నాకు నిద్ర పట్టలే. తెల్లారినంక గంగారాం అన్నకు ఫోను చేసిన."

రూప్‌సింగ్ తలెత్తాడు.

"ఈయన ఇంక మూడేండ్లు ఉంటనంటున్నడు అన్న, ఎట్లన్న జేసి ఇంటికి తోలియ్యి అన్న. సారుకు ఏం చెప్తవో చెప్పు, నేను చెప్పమన్ననని మాత్రం ఈయనకు చెప్పకని ఒట్టు పెట్టిన. వీసా కోయించింది ఆయన కాదు. నేను."

దూరంగా ఎవరిదో ట్రాక్టరు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. భూదవ్వ లేచి వెళ్లాలో కూర్చోవాలో తెలియక, ఒలిచేసిన కంకినే మళ్లీ ఒలుస్తోంది.

"మూడేండ్లు," అన్నాడు రూప్‌సింగ్ చివరికి. "మూడేండ్లు నేను వాణ్ని తిట్టిన. తింటున్నప్పుడు తిట్టిన, పంటున్నప్పుడు తిట్టిన. నువ్వు పక్కన కూసోని విన్నవ్."

"విన్న."

"ఒక్క మాట చెప్పలే."

"చెప్తె నువ్వు మల్ల పోతవ్. నీ పాస్‌పోర్టు తారీకు దాటేదాక చెప్పొద్దని అనుకున్న." తుల్సి చీర మీది గింజ ఒకటి తీసి చాటలో వేసింది. "పోయిన నెల దాటింది."

రూప్‌సింగ్ ఆమెను, నది దాటబోయే మందలో మొదటి ఎద్దును చూసినట్టు, కిందినుంచి పైదాకా చూశాడు. అరుస్తాడనుకుంది భూదవ్వ. అతను టోపీ తీసి మంచం మీద పెట్టాడు. టోపీ లేకపోతే ఇతనెంత మామూలు ముసలాయన అనిపించింది.

"తారీకు గూడ చూసి పెట్టుకున్నదట," అన్నాడు ఎవరికో ఫిర్యాదు చేస్తున్నట్టు. ముందు పెదవులు వణికాయి, తర్వాత భుజాలు. నవ్వో ఏడుపో అతనికే తేలలేదు. "మొత్తం మస్కట్ల నన్ను మోసం చేసినోడు లేడు చెల్లె. ఇంట్ల ఉన్నది."

"మరి డిస్కులిస్తవా అన్న?" అంది భూదవ్వ, ఇంతకంటే మంచి సమయం రాదనుకుని.

"తీస్కపో. అన్ని తీస్కపో. పన్నెండో నంబరు గూడ. అది నేనింక పెట్టనే లేదు."

"పెట్టలేదా? మా ఆయనేమో చివరిది నువ్వు ముప్పై మార్లు చూసి మురుస్తున్నవని పండ్లు కొరుకుతున్నడు!"

"పదకొండు చూడకుంట పన్నెండు ఎట్ల చూస్తం?" అన్నాడు రూప్‌సింగ్, ఇంత చిన్న న్యాయం కూడా తెలియదా అన్నట్టు. తర్వాత నెమ్మదిగా, "వాడు లేకుంట ఎట్ల చూస్తం," అని, "చెల్లె, వానికి ఫోను గలుపు," అన్నాడు.

*

భూదవ్వది చైనా ఫోను. చెవి దగ్గర వినిపించే భాగం పాడైపోయి ఏడాదైంది. ఎవరు మాట్లాడినా స్పీకరులోనే, వీధంతా వినేలా మాట్లాడాలి. నంబరు నొక్కి మక్కల చాట మీద పెట్టింది.

"ఏమే, చేరినవా? నా డిస్కులు ఎక్కడ పెట్టినవే? మంచం కింద లెవ్వు, టీవీ ఎనక లెవ్వు..."

"గంగారాం," అన్నాడు రూప్‌సింగ్.

మూడేళ్ల తర్వాత విన్నా ఆ గొంతు ఎవరిదో చెప్పాల్సిన అవసరం లేదు.

"భూదవ్వ ఫోను నీ కాడికెట్ల వచ్చింది?"

రూప్‌సింగ్ భూదవ్వ వైపు చూశాడు. ఆమె చెప్పొద్దని చెయ్యి ఊపింది.

"బస్సుల మర్చిపోయింది. తర్వాత చెప్త. తుల్సి నాకంత చెప్పిందిరా. ఫోను చేసింది, ఒట్టు పెట్టింది, అంత. నిన్ను అనరాని మాటలన్న. నువ్వు ఒక్కమాట తిరిగి అనలే. నా తప్పు."

తుల్సి కళ్లు తుడుచుకుంది. ఇక గంగారాం ఏదో ఒక తిట్టు తిడతాడని, దాంతో ఇద్దరూ మామూలైపోతారని ముగ్గురూ ఎదురుచూశారు.

"తుల్సికి చెప్పు, ఆమె తప్పేం లేదని," అన్నాడు గంగారాం. "ఆమె ఫోను చేసింది బేస్తారం. నేను సారుకు చెప్పింది అంతకు ముందు సోమారం."

తుల్సి చెయ్యి కంటి దగ్గరే ఆగిపోయింది.

"ఏంది? మరి నీ అంతల నువ్వే కోయించినవా? ఎందుకురా?"

"నీ గురించి కాదు నేను పోయింది. నా గురించి పోయిన. నన్ను ఇంటికి తోలియ్యి సార్ అన్న. ఒక్కణ్నే పోవుడు నా తోని గాదు, దారిల ఏమన్న అయితె చూస్కునేటోడు గావాలె, రూప్‌సింగ్‌ను నా వెంట తోలియ్యి అన్న. నాకు నీ వీసా కంటె నా భయం ఎక్కువయింది. గది నీ మొకం మీద ఎట్ల చెప్పాలె?"

"ఏం భయంరా? నీకేమైంది?"

"మస్కట్ దావఖానల పెద్ద డాక్టరు ఒక మాట చెప్పిండు. మూడేండ్ల సంది ఎవలకు చెప్పలే. నీకు చెప్త, గని ఒట్టు పెట్టు. భూదవ్వకు తెల్వొద్దు."

రూప్‌సింగ్ గబుక్కున మంచం దిగాడు. ఫోను మీదికి చెయ్యి చాపాడు, ఆపడానికో, తీసుకోవడానికో.

భూదవ్వ అతని చెయ్యి పక్కకు జరిపింది. ఒళ్లోని గింజలు నేలంతా దొర్లుతున్నా చూసుకోకుండా, రెండు చేతులూ చాటకు అటూ ఇటూ ఆనించి ఫోను మీదికి వంగింది.

"చెప్పు," అంది. "ఏం చెప్పిండో చెప్పు. నేను వింటున్న."